పన్నెండో సూది ఎముక

ఆమెని ఎముకలక్క అని మొదట పిలిచిందెవరో ఎవరికీ గుర్తులేదు. మొదట్లో ఆమె ఎదుట ఆ మాట అనడానికి జంకేవారు. ఒకరోజు ఆమే ఫోనెత్తి "ఆఁ, ఎముకలక్కనే మాట్లాడుతున్నా, చెప్పండి" అనేసరికి ఆ జంకూ పోయింది.

యాభై మూడేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నడిస్తే గిన్నెలు కదిలినట్టు గాజులు చప్పుడు చేస్తాయి. ఆపరేషన్లు అయినవాళ్లు కోలుకునేదాకా ఉండే కేంద్రంలో పంతొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. నలభై మంచాలు, ఒక భోజనాల గది, దాని వెనక వంటిల్లు. రెంటికీ మధ్య గోడలో కిటికీ ఉంది. కిటికీకి పైకి లేపే చెక్క తలుపు. మిగతా రోజుల్లో ఆ తలుపు పన్నెండింటికి లేస్తుంది. గురువారం మాత్రం గడియారాన్ని ఎవరూ చూడరు. ఆ రోజు కుందేలు మాంసం. తలుపు ఎప్పుడు లేవాలో చెప్పేది గట్టు మీదున్న ఒక స్టీలు గ్లాసు.

కుందేలు వెనక కాలిలో పొడుగు ఎముకని అంటిపెట్టుకుని ఇంకో ఎముక ఉంటుంది. కింది సగం పొడుగు ఎముకలోనే కలిసిపోయి ఉంటుంది. పై సగం విడిగా, కుట్టుసూదంత సన్నగా ఉంటుంది. మాంసం మెత్తగా ఉడికిందంటే ఆ సన్నటి ముక్క ఇట్టే విరిగి పోగుల మధ్యకి దూరిపోతుంది. కంటికి కనపడదు. గొంతుకి మాత్రం బాగా తెలుస్తుంది. ఎముకలక్క దానికి సూది ఎముక అని పేరు పెట్టుకుంది. కుందేలుకి రెండు సూదులు. ఆరు కుందేళ్లు వండితే గ్లాసులో పన్నెండు ఉండాలి. ఉంటే తలుపు లేస్తుంది. లేకపోతే సాక్షాత్తూ పెద్ద డాక్టరొచ్చి ఆకలేస్తోందన్నా లేవదు.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఇరవయ్యారేళ్ల వయసులో ఆమె ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనిచేసేది. ఒక మధ్యాహ్నం లారీ డ్రైవరు గొంతులో ఎముక అడ్డం పడింది. మాట రాక, బల్లని అరచేత్తో బాదుతూ, ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డ ఆమెనే చూశాడు. బతికాడు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. క్యాంటీన్ మేనేజరు మంచివాడే. "ఇలాంటివి అవుతుంటాయమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఆమె మనసులో పెట్టుకోలేదు. గ్లాసులో పెట్టుకుంది.

కేంద్రంలోకి పొగబెట్టిన కుందేలు మాంసం తెచ్చింది కూడా ఆమే. ఇక్కడ తినేవాళ్లలో సగం మందికి ఉప్పు తగ్గించాలి, సగం మందికి కొవ్వు తగ్గించాలి, కొందరికి రెండూ. ఆమె చేరిన కొత్తలో ప్లేట్లన్నీ సగం నిండుగానే వెనక్కొచ్చేవి. వంటింట్లో ఆమెకి సాయంగా ఉండే తోడికోడలు వాటిని కడుగుతూ, "అక్కా, ఇది తిండి అనుకుంటున్నారా, శిక్ష అనుకుంటున్నారా వీళ్లు?" అనేది. అప్పుడు ఎముకలక్క ఊరి చివర కుందేళ్లు పెంచే పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన ఇంటి వెనక రేకుల గదిలో పండ్ల చెట్ల కట్టెతో మాంసానికి పొగబెడతాడు. అందరూ పొగాయన అంటారు, ఆమె బాబాయ్ అంటుంది. "బాబాయ్, ఉప్పు నామమాత్రంగా రాయి, పొగ మాత్రం నిదానంగా పట్టించు" అని ఒప్పించింది.

బుధవారం సాయంత్రం మాంసాన్ని నీళ్లలో నానబెట్టి, మూడుసార్లు నీళ్లు మారిస్తే ఉన్న కాస్త ఉప్పూ దిగిపోతుంది. గురువారం పొద్దున్నే ఉల్లిపాయ, క్యారెట్టు వేసి, సన్నటి సెగ మీద గంటన్నర. ఆ తరవాత ఎముకలు తీసి, మాంసాన్ని పోగులుగా చేసి, ఉడికిన బార్లీలో, చిక్కుడు గింజల్లో కలుపుతుంది. పైన ఏదో ఒక ఆకుకూర. ఎముకలు మళ్లీ గుండిగలోకి వెళ్లి సాయంత్రానికి సూపవుతాయి. కుందేలులో కొవ్వు ఎలాగూ తక్కువ. ఇక ఉప్పు లేదని నాలుక గోల పెట్టేలోపే పొగ వాసన వెళ్లి దానికి సర్దిచెప్పేస్తుంది. ప్లేట్లు ఖాళీగా రావడం మొదలైంది. తోడికోడలికి కడిగే పని తగ్గింది. అది కూడా ఆమెకి ఫిర్యాదే: "తుడిచి పెట్టేస్తున్నారక్కా, నేనిక్కడ ఎందుకింక?"

ఆ గురువారం సంగతి.

అప్పటికి నలభై ఒక్క రోజులుగా పదకొండో నంబరు మంచం మీద ఒక బస్సు కండక్టరు ఉన్నాడు. రిటైరయ్యాడు. గొంతుకి ఆపరేషన్. మొదట గొట్టంలోంచి, తరవాత చెంచాతో పల్చటి ద్రవాలు. మాట్లాడకూడదు. ముప్పయ్యేళ్లు బస్సు ఈ చివర నుంచి ఆ చివరికి వినపడేలా అరిచిన మనిషికి ఒక పలక, బలపం ఇచ్చారు. రాయడానికి బద్ధకం వేసినప్పుడు బలపంతో పలక మీద కొట్టేవాడు. ఒకసారి కొడితే ఆగమని. రెండుసార్లు కొడితే రైట్ రైట్. నర్సులంతా ఆ భాషకి అలవాటుపడ్డారు. పక్కనే ఉండే భార్య అయితే, "ఈయన గొంతు ఊరంతా విన్నది. పెళ్లయిన ఇన్నేళ్లకి నాకు మాట్లాడే వంతు వచ్చింది, ఆపకండి నన్ను" అని వార్డు వార్డంతా తిరిగేది.

ఆయనకి ఆ రోజు మొదటి గట్టి భోజనం. గురువారమే కావాలని పలక మీద రాసి మరీ అడిగాడు. వారం వారం కారిడార్లోంచి వచ్చే ఆ పొగ వాసన నలభై రోజులుగా పీలుస్తున్నాడు మరి.

పదకొండున్నరకి డాక్టరు వంటింట్లోకి తల పెట్టాడు. "అమ్మా, ఒక్క ప్లేటు. మెత్తగా. ఆయన మొదటి ముద్ద మింగడం నేను చూడాలి. పన్నెండింటికి ఇంకో ఆసుపత్రిలో ఉండాలి నేను."

ఎముకలక్క అప్పుడే ఆరో కుందేలు ముగించింది. మాంసమంతా బార్లీలో కలిసిపోయింది. గ్లాసు గట్టు మీద ఉంది. లెక్కపెట్టలేదు.

"రెండు నిమిషాలు బాబూ, ఒక్కసారి లెక్క..."

"లేటవుతోందమ్మా."

పంతొమ్మిదేళ్లలో ఆమె ఎవరి మాటకీ గ్లాసుని దాటలేదు. ఆ రోజు దాటింది. దానికి తగ్గ కారణమే చూసుకుంది: డాక్టరు పక్కనుండగా మింగడమే ఆయనకి క్షేమం కదా, డాక్టరు వెళ్లిపోయాక పెడితే ఎవరు చూస్తారు? గరిటె తీసుకుని తనే వడ్డించింది. ఇంకాస్త మెత్తగా మెదిపి, పైన మాంసం ఉడికిన నీళ్లు రెండు చెంచాలు పోసింది. తోడికోడలు తలుపు లేపి ప్లేటు అందించి మళ్లీ దించింది.

తరవాత గ్లాసుని పళ్లెంలోకి వంచి లెక్కపెట్టింది. పదకొండు.

ఇంకోసారి లెక్కపెట్టింది. పదకొండు.

"ఇలా తే, నీకు కళ్లజోడు మార్చాలి" అంటూ తోడికోడలు ఒక్కొక్కటీ వేలితో పక్కకి జరిపింది. పదకొండు దగ్గర ఆమె వేలు ఆగింది.

ఎముకలక్క పరిగెత్తి ఎన్నేళ్లయిందో. ఆ రోజు పరిగెత్తింది. భోజనాల గదిలో కండక్టరు కళ్లు మూసుకుని నములుతున్నాడు. పక్కన భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. డాక్టరు సంచి భుజానికి తగిలించుకుంటున్నాడు. సగం ప్లేటు ఖాళీ. ఎముకలక్క కండక్టరు ముందున్న ప్లేటు లాక్కుంది. గదిలో నలభై మంది ఒక్కసారి అటు తిరిగారు.

"మింగకండి! నోట్లోది ఉమ్మేయండి. ఇదిగో, నా చేతిలోకే."

కండక్టరు కళ్లు తెరిచాడు. ముద్ద ఆమె అరచేతిలో పడింది. వేళ్లతో చిదిమి చూసింది. ఏమీ లేదు. ప్లేటులో మిగిలిన సగాన్ని బల్ల మీదే పరిచి చూసింది. అందులోనూ లేదు. అప్పుడు తలెత్తి డాక్టరుకి చెప్పింది. దాచలేదు, మెలికలు తిప్పలేదు. "లెక్క చూడకుండా పెట్టాను బాబూ. ఒక ఎముక తక్కువొచ్చింది. ఇంత పొడుగు, సూది లాంటిది. ఈయన తిన్నదాంట్లో ఉండొచ్చు."

డాక్టరు సంచి దించాడు. సన్నటి గొట్టంతో గొంతు లోపల అంతా చూశాడు. కుట్లు బాగున్నాయి, గీత కూడా పడలేదు. "గొంతులో లేదు. దిగిపోయి ఉంటే మాత్రం చూడాలి. అంత సన్నది ఎక్స్‌రేలో కనపడుతుందని నమ్మకం లేదు. కడుపునొప్పి గానీ, జ్వరం గానీ వస్తే వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. ఆ ఎముక సంగతి తేలేదాకా నోట్లోకి ఏమీ వద్దు, నీళ్లు కూడా." అని, ఎముకలక్క వైపు తిరిగి, "తొందరపెట్టింది నేనమ్మా" అన్నాడు.

"గరిటె పట్టింది నేను" అందామె.

కండక్టరు పలక మీద రాసి చూపించాడు: నాకేం కాలేదు. ప్లేటు ఇవ్వండి. ఎవరూ ఇవ్వలేదు.

ఆయన భార్య అరుస్తుందని ఎముకలక్క ఎదురుచూసింది. అరిస్తే బాగుండేది. ఆవిడ నెమ్మదిగా, "నీ చేతి వంట తినాలని రోజులు లెక్కపెట్టుకున్నాడమ్మా" అని ఊరుకుంది. ఇన్ని రోజుల్లో ఆవిడ ఒక్క వాక్యంతో ఆగడం అదే మొదలు.

మిగిలింది వెతకడం. బార్లీ మాంసమంతా రెండు పెద్ద పళ్లాల్లో పరిచారు. తోడికోడళ్లిద్దరూ చెరో పక్క కూర్చుని, పోగు పోగు విడదీశారు. సూపుని బట్టలో వడగట్టారు. పెద్ద ఎముకలు తీసి పక్కన పడేసి, అడుగున ఏముందో చూసి, మళ్లీ గుండిగలో వేశారు. సింకు గొట్టం విప్పారు. చెత్తబుట్ట బోర్లించారు. ఏప్రాన్ జేబులు తిరగేశారు. చివరికి తోడికోడలు, "నా కొప్పు కూడా విప్పమంటావా?" అంది ఎగతాళిగా. ఎముకలక్క నిజంగానే విప్పించి చూసింది.

అవతల జనానికి రొట్టె, ఉడికించిన కూరగాయలు పెట్టి సర్దారు. మోకాలి ఆపరేషన్ అయిన ఒక మేస్త్రి కిటికీ తలుపు సందులోంచి, "ఎముకలక్కా, పోయింది ఎముకా, వజ్రాల ఉంగరమా? మాకూ చెప్తే మేమూ వస్తాం" అన్నాడు. సంగతేంటో తెలిసిన పక్కాయన మోచేత్తో పొడిచాక నోరు మూసుకున్నాడు.

రెండయింది. మూడయింది. అరగంటకోసారి ఆమె చేతులు తుడుచుకుని పదకొండో నంబరు మంచం దగ్గరికి వెళ్లేది.

"నొప్పేమన్నా ఉందా?"

బలపం పలక మీద ఒకసారి: లేదు, ఆపు.

"ఇక్కడ? పక్కన? గుచ్చుకుంటున్నట్టుందా?"

ఒకసారి. కాస్త గట్టిగా.

"అబద్ధం ఆడట్లేదుగా?"

కండక్టరు రాశాడు: ఆకలి. అదొక్కటే.

ఆమె తిరిగొచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది. గ్లాసు ఎదురుగానే ఉంది. లోపల పదకొండు. లారీ డ్రైవరు ముఖం ఇరవయ్యేడేళ్లుగా అప్పుడప్పుడూ కనపడుతూనే ఉంటుంది. ఆ మధ్యాహ్నం కళ్లు మూయకపోయినా కనపడింది. తోడికోడలు టీ కలిపి తెచ్చింది. అది గట్టు మీదే చల్లారింది.

నాలుగింటికి పొగాయన ఖాళీ బుట్టల కోసం వచ్చాడు. ఎప్పుడూ వచ్చే వేళే. గుమ్మంలోనే ఆమె పట్టుకుంది.

"బాబాయ్, ఈ వారం కుందేళ్లలో తేడా ఏమన్నా ఉందా?"

"తేడా ఏముంటుంది? ఆరు ఇచ్చాను. ఆరూ మంచివే."

"ఆరింటికీ నాలుగు కాళ్లు ఉన్నాయా?"

"అదేం ప్రశ్నమ్మా? మూడు కాళ్ల కుందేళ్లు ఇస్తానా నేను?" అన్నాడు. కానీ బుట్టలు సర్దే చేతులు కాస్త ఎక్కువ హడావిడి పడ్డాయి. ఎముకలక్కకి చేతులు చదవడం వచ్చు.

"బాబాయ్. అక్కడ ఒక మనిషి గొంతు కోయించుకుని, మంచినీళ్లు కూడా లేకుండా పడుకుని ఉన్నాడు. నా చేత్తో పెట్టింది తిని. నువ్వు తెలిసింది చెప్పకపోతే..."

పొగాయన బుట్ట దించాడు. గుమ్మం బయట ఎవరైనా ఉన్నారేమో చూసి, గొంతు తగ్గించాడు. "మా ఆవిడకి చెప్పనంటే చెప్తాను."

"చెప్పు ముందు!"

"వాటిలో ఒకటి కుంటిది. మా ఆవిడ పెంచుకుంటున్నది. పిల్లప్పుడు గూడు తలుపు పడి వెనక కాలు విరిగింది. ఈవిడ ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టి కట్టు కట్టింది. అతుక్కుంది గానీ, అక్కడ ఉండ కట్టేసింది. ఈ వారం ఒకటి తక్కువ పడింది. ఆవిడేమో చెల్లెలింటికి వెళ్లింది..."

తరవాతి మాటలు ఆమె వినలేదు. అప్పటికే చిల్లుల గరిటె గుండిగలో ఉంది.

పొద్దున్నుంచి అందరూ సూది కోసం వెతికారు. సూది ఎక్కడి నుంచి విరిగి రావాలో ఆ ఎముకని ఎవరూ చూడలేదు. ఆమె కూడా. వెనక కాళ్ల పొడుగు ఎముకలు ఒక్కొక్కటే తీసి, బట్ట మీద వరసగా పేర్చింది. ప్రతిదాని పక్కనా సూది విరిగిన మొదలు ఉంటుంది. బియ్యపు గింజంత మొన వేలికి తగులుతుంది. ఒకటి, తగిలింది. రెండు, తగిలింది. తోడికోడలు భుజం మీంచి వంగి, ఊపిరి ఆమె మెడ మీద పడేంత దగ్గరగా చూస్తోంది. ఏడు. ఎనిమిది. తొమ్మిదోది వేళ్లలోకి రాగానే ఎముకలక్క ఆగింది.

నడిమికి గోలీకాయంత ఉండ. నున్నగా ఉంది. పక్కన మొన లేదు, విరిగిన గుర్తు లేదు. పొద్దున ఇది తన చేతిలోంచే వెళ్లింది. వేళ్లు ఒక్క క్షణం దాని మీద ఆగాయి కూడా. కీలు ముక్క కాబోలు అనుకుని గుండిగలో పడేసింది.

"పచ్చడి బండ ఇలా ఇవ్వు."

ఒక దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బకి ఉండ రెండు చెక్కలైంది. లోపల, గింజలో మొలకలా, నిలువునా సన్నటి తెల్లటి గీత. గోరుతో లాగితే కదల్లేదు. కాలు అతుక్కున్నప్పుడు చుట్టూ పెరిగిన ఎముక దాన్ని తనలోకి లాక్కుంది. పన్నెండో సూది ఏ ప్లేటులోకీ వెళ్లలేదు. వెళ్లడానికి అసలు విడిగా లేనే లేదు.

మిగిలిన మూడూ కూడా చూసింది. మూడింటికీ మొనలున్నాయి. పదకొండు మొనలు, గ్లాసులో పదకొండు సూదులు, ఒక ఉండ.

తోడికోడలు నేల మీద కూలబడింది. "అమ్మయ్య! నా కొప్పు విప్పించావు కదే అక్కా!" అని ఒకేసారి నవ్వూ ఏడుపూ కలిపి మొదలుపెట్టింది. పొగాయన గోడకి చేరబడి ముఖం తుడుచుకుంటున్నాడు. పొద్దున్నుంచి బిగపట్టుకున్న ఎముకలక్క భుజాలు రెండూ కిందికి దిగాయి. ఎవరో నీళ్ల బిందె దించినట్టు.

పగిలిన ఎముకని ఫోటో తీసి డాక్టరుకి పంపారు. నిమిషంలో ఫోనొచ్చింది. "ఇంకేం చూస్తున్నారమ్మా? ఆయనకి తిండి పెట్టండి!" ఆ గొంతులోనూ బిగువు సడలడం వంటింట్లో అందరికీ వినపడింది.

ఎముకని అరచేతిలో పెట్టుకుని ఆమె పదకొండో నంబరు మంచం దగ్గరికి వెళ్లింది. చూపించింది, చెప్పింది. కండక్టరు భార్య ఎముకని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, కళ్లు ఒత్తుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టింది: పొద్దున్నుంచి తనకెన్ని రకాల ఆలోచనలు వచ్చాయో, ఎవరెవరికి ఫోన్ చేయబోయి ఆగిందో, వాళ్లాయన ఎంత మొండివాడో. ఆపేవాళ్లు లేరు. ఆపాలని ఎవరికీ అనిపించలేదు.

కండక్టరు పలక తుడిచి రాశాడు: ఒకసారి నా బస్సులో టికెట్టు లెక్కకి ఒక మనిషి తగ్గాడు. బస్సంతా వెతికాను.

మళ్లీ తుడిచి: అసలు ఎక్కనే లేదు వాడు.

ఎముకలక్క నవ్వింది. ఆ రోజుకి మొదటి నవ్వు.

ఆయన మూడోసారి రాశాడు: నా మిగతా సగం ప్లేటు ఎక్కడ?

వేడిచేసిన బార్లీ, దూది ఏకినట్టు విడిపోయిన మాంసం, పైన ఆకుకూర, రెండు చెంచాల సూపు. ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. మొదటి ముద్ద లోపలికి వెళ్లింది. ఆయన నమిలాడు. నిదానంగా, చాలాసేపు. గొంతు కదిలింది. ఆమె చూపు ఆ గొంతు మీదే ఉంది. ఆయన ఇంకో ముద్ద తీసుకున్నాడు. ప్లేటు అడుగు కనపడేదాకా తిన్నాడు.

పొగాయన వాళ్లావిడకి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ వెళ్లిపోయాడు. అది ఆయన తలనొప్పి. ఎముకలక్క మాత్రం ఒక మాట అని పంపింది: "ఇక మీదట కాలు విరిగినదేదైనా ఉంటే దాని మెడలో తాడు కట్టి పంపు." ఆ రోజు నుంచి గట్టు మీద గ్లాసు పక్కన ఒక పొడుగు పళ్లెం చేరింది. సూదులు గ్లాసులో, వాటి పెద్ద ఎముకలు పళ్లెంలో. రెండూ సరిపోవాలి. తోడికోడలు "ఇంక పళ్లెం పక్కన త్రాసు కూడా పెడతావా?" అంటుంది. అంటూనే పేరుస్తుంది.

ఆ సాయంత్రం భోజనాలకి వేళయింది. ఆమె ఉండ పగిలిన ఆ పొడుగు ఎముకని గ్లాసులో పెట్టింది. అడుగుకి దిగలేదు, అంచు మీద ఇరుక్కుని బయటికి తొంగిచూసింది. "పన్నెండు" అంది పైకే. అప్పుడు గుర్తొచ్చి చల్లారిన టీ తీసుకుని, మీగడ వేలితో పక్కకి తోసి, ఒక్క గుక్కలో తాగేసింది. గరిటెడు బార్లీ గిన్నెలో వేసుకుని, నిలబడే నాలుగు ముద్దలు తింది. పొగ వాసన బాగా దిగింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

తలుపు అవతల బల్లల దగ్గర జనం సర్దుకుంటున్నారు. మేస్త్రి గొంతు వినపడుతోంది: "ఇవాళ మాంసాన్ని దువ్వెనతో దువ్వి పెడుతున్నారట." కండక్టరు కూడా పలకతో వచ్చి కూర్చున్నట్టున్నాడు. అంతలో చెక్క తలుపు మీద బలపం రెండుసార్లు మోగింది. టక్, టక్.

"రైట్ రైట్ అంటున్నాడక్కా" అంది తోడికోడలు.

ఎముకలక్క తలుపు పైకి లేపింది.